ప్రైవేటు ఇంట్లో అద్దెకుండే పేదవాళ్ళకి ప్రభుత్వ అద్దె సాయం: వైజాగ్‌లో ఏమైనా ఉందా?

కొండవాలు
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా వదిన కంచరపాలెంలో రెండు గదుల వాటాలో అద్దెకుంటోంది. అన్నయ్య లేడు. ఇద్దరు పిల్లలు. ఒక బట్టల షాపులో సేల్స్ చేస్తుంది, చేతికి 11,500 వస్తుంది. వితంతు పింఛను 4,000. మొన్నటిదాకా అద్దె 5,000 ఉండేది. వచ్చే నెల నుంచి 6,500 ఇమ్మన్నారు, లేదంటే ఖాళీ చెయ్యమన్నారు. సబ్‌మీటరు మీద కరెంటు యూనిట్‌కి 10 రూపాయలు, నీళ్ళ మోటారుకి 200, ఇవి వేరే. రైస్ కార్డు ఉంది. సొంత ఇల్లు గానీ సెంటు స్థలం గానీ ఎక్కడా లేదు.

మొన్న ఒకాయన వచ్చి, అద్దెకుండేవాళ్ళకి కేంద్రం నెలనెలా సగం అద్దె కడుతోందని చెప్పి, ఫారం పెట్టించడానికి 1,500 అడిగాడట. నిజంగా అలాంటిదేమైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, వదిన టెన్షన్ పడుతోంది.

యారాడకొండ
సోమవారం, రాత్రి 9:31

ముందు ఆ 1,500 ఇవ్వకుండా ఆపండి. ప్రైవేటు ఇంట్లో అద్దెకున్న కుటుంబానికి నెలనెలా అద్దె కట్టే పథకం కేంద్రంలోనూ లేదు, మన రాష్ట్రంలోనూ లేదు.

ఆయన ఏ ముక్క పట్టుకుని తిరుగుతున్నాడో ఊహించగలను. 2024 సెప్టెంబరు నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 నడుస్తోంది. అందులో నాలుగు దారులున్నాయి. సొంత స్థలం ఉన్నవాళ్ళు కట్టుకోడానికి సాయం. ప్రభుత్వమో బిల్డరో కట్టిన ఇల్లు తీసుకునేవాళ్ళకి సాయం. హోమ్ లోను వడ్డీలో రాయితీ. నాలుగోది తక్కువ అద్దె ఇళ్ళు. ఈ నాలుగోదాన్ని చూపించే జనాన్ని తిప్పుతున్నారు. అది మీ వదిన ఓనరుకి డబ్బు కట్టే పథకం కాదు. అద్దెకివ్వడం కోసమే ఎవరైనా కాంప్లెక్సు కడితే, ఆ కట్టేవాళ్ళకి ఇచ్చే సాయం. ఫ్యాక్టరీ కార్మికులు, వలస వచ్చినవాళ్ళు, ఉద్యోగం చేసే ఆడవాళ్ళు అందులో తక్కువ అద్దెకి ఉండొచ్చు. కానీ ముందు ఎవరో ఒకరు కట్టాలి కదా.

వడ్డీ రాయితీ సంగతీ చెప్పేస్తాను. 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు లోను, అందులో మొదటి 8 లక్షల మీద 4 శాతం. ఐదు వాయిదాల్లో గరిష్ఠంగా 1.80 లక్షలు వస్తుంది. 11,500 జీతానికి ఏ బ్యాంకు ఎంత లోను ఇస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

జగదాంబ_జంక్షన్
సోమవారం, రాత్రి 9:40

కట్టుకునేవాడికి సాయం. కొనుక్కునేవాడికి సాయం. లోను తీసుకునేవాడికి సాయం. ఈ మూడూ చేతకాక అద్దెకుండేవాడికి మాత్రం టూలెట్ బోర్డు చూపిస్తారు.

కొండవాలు
సోమవారం, రాత్రి 9:52

చాలా థాంక్స్ యారాడకొండ గారు. ఫారం వద్దని చెప్పేశాను. కానీ బయట దేశాల్లో ఇలాంటివి ఉన్నాయంటారు కదా. మన దగ్గర ఎందుకు పెట్టలేదు? ఎవరూ అనుకోలేదా?

యారాడకొండ
సోమవారం, రాత్రి 10:20

అనుకోకేం. 2015లో కేంద్రం పట్టణ అద్దె ఇళ్ళ విధానం ముసాయిదా తెచ్చింది. 2017లో పట్టణ పేదలకి అద్దె వోచర్లు ఇస్తారని పేపర్లలో వచ్చింది. అమల్లోకి రాలేదు. 2020లో లాక్‌డౌన్‌కి వలస కూలీలు నడిచి ఊళ్ళకి పోయాక, ఆ జులైలో అందుబాటు అద్దె ఇళ్ళ కాంప్లెక్సుల పథకం పెట్టారు. ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్ళని అద్దెకివ్వడం ఒక పద్ధతి, ఖాళీ స్థలాల్లో కొత్తవి కట్టడం ఇంకో పద్ధతి. మొదటిది చండీగఢ్, సూరత్ లాంటి చోట్ల కొంత నడిచింది.

ఢిల్లీ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2020 మార్చి 29న అప్పటి ముఖ్యమంత్రి కేజ్రీవాల్, అద్దె కట్టుకోలేని పేదవాళ్ళ అద్దె ప్రభుత్వమే కడుతుందని ప్రెస్‌మీట్‌లో అన్నారు. తర్వాత కొందరు కోర్టుకెళ్ళారు. 2021 జులైలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి, ముఖ్యమంత్రి అంత స్పష్టంగా ఇచ్చిన మాట అమలు చేయదగ్గదే, దానిపై ప్రభుత్వం నిర్ణయం తీసుకోవాల్సిందేనని తీర్పిచ్చారు. రెండు నెలలకే డివిజన్ బెంచి దానిమీద స్టే ఇచ్చింది. అద్దె సాయం అన్నది మన దేశంలో చట్టానికి అతి దగ్గరగా వెళ్ళింది బహుశా అప్పుడే.

న్యూజెర్సీ_వైజాగోడు
మంగళవారం, ఉదయం 6:05

మాది మర్రిపాలెం, ఇప్పుడు న్యూజెర్సీ. ఇక్కడ నేను పెట్టుబడికి కొన్న చిన్న ఇంట్లో ప్రభుత్వ అద్దె వోచరు మీద ఉన్నావిడ అద్దెకుంటున్నారు. ఓనరు వైపు నుంచి అది ఎలా ఉంటుందో చెప్తాను.

దీన్ని సెక్షన్ 8 అంటారు. 1974 చట్టంతో మొదలైంది. కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెకి పెడుతుంది, మిగతాది హౌసింగ్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ నేరుగా ఓనరు ఖాతాలో వేస్తుంది. అలాగని ఎంత అద్దెకైనా కట్టరు. ఏ ప్రాంతంలో ఎన్ని గదుల ఇంటికి ఎంత న్యాయమైన అద్దో ప్రభుత్వం ఏటా లెక్కగట్టి ప్రకటిస్తుంది. అథారిటీ దానికి కాస్త అటూ ఇటూగా తన పరిమితి పెట్టుకుంటుంది.

ఆవిడ చేరకముందు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుళాయిలన్నీ తిప్పి చూశాడు, స్విచ్చులన్నీ నొక్కాడు. పొగ అలారం పనిచెయ్యట్లేదనీ, పడకగది కిటికీ గొళ్ళెం ఊడిందనీ కాగితం మీద రాసి వెళ్ళిపోయాడు. రెండూ బాగుచేయించి, మళ్ళీ చూపించాకే మొదటి అద్దె పడింది. అప్పట్లో చిరాకేసింది. కానీ ఆ తర్వాత ఏ నెలా ఆలస్యం కాలేదు. కోవిడ్‌లో నా మిగతా ఇళ్ళవాళ్ళు ఇబ్బంది పడ్డారు గానీ ఆ ఇంటి అద్దె మాత్రం ఆగలేదు.

లోపాలూ ఉన్నాయి. అర్హత ఉన్నవాళ్ళందరికీ రాదు, నలుగురిలో ఒకరికి అందుతుంది. వెయిటింగ్ లిస్టు ఏళ్ళ తరబడి. వోచరు చేతికొచ్చాక ఇల్లు వెతుక్కోడానికి మొదట కనీసం 60 రోజుల గడువిస్తారు. పొడిగింపు దొరక్క, ఇల్లూ దొరక్క వోచరు వెనక్కి పోయినవాళ్ళున్నారు. వోచరు వాళ్ళకి ఇల్లివ్వనంటే మా రాష్ట్రంలో చట్టవిరుద్ధం, చాలా రాష్ట్రాల్లో అలాంటి చట్టమే లేదు.

లెక్కల_మాస్టారు
మంగళవారం, ఉదయం 7:48

న్యూజెర్సీ బాబు చెప్పిన సూత్రాన్ని కొండవాలు గారి వదినకి వేసి చూద్దాం. జీతం, పింఛను కలిపి 15,500. అందులో 30 శాతం 4,650. కొత్త అద్దె 6,500. తేడా 1,850. అమెరికాలో వోచరు దొరికితే ఆ 1,850 ప్రభుత్వం కడుతుంది. ఇక్కడ ఆవిడ ఆదాయంలో 42 శాతం అద్దెకే పోతోంది, కరెంటూ మోటారూ కాక.

ఇప్పుడు ఖర్చు చూడండి. వైజాగ్‌లో లక్ష కుటుంబాలకి నెలకి 2,000 చొప్పున ఇస్తామనుకుందాం. ఏడాదికి 240 కోట్లు. చిన్న మొత్తం కాదు. కానీ సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఒక్కొక్కరికి కేంద్రం, రాష్ట్రం కలిపి 2.5 లక్షల దాకా ఇస్తున్నాయి కదా, ఆ ఒక్క మొత్తం 2,000 చొప్పున 125 నెలలు వస్తుంది. పదేళ్ళు దాటుతుంది. ఆ పదేళ్ళలో మీ వదిన పెద్దబ్బాయి ఉద్యోగంలో చేరతాడు.

ఇంకో మాట. ప్రభుత్వం అద్దె సాయం చెయ్యట్లేదనడం పూర్తిగా నిజం కాదు. చేస్తోంది, ఉన్నవాళ్ళకి. కేంద్ర ఉద్యోగికి వైజాగ్‌లో బేసిక్‌లో 20 శాతం ఇంటద్దె భత్యం. 18,000 బేసిక్‌కి 3,600, 56,100 బేసిక్‌కి 11,220. పాత పన్ను విధానంలో అద్దె రసీదు చూపిస్తే దానిమీద పన్ను మినహాయింపు. భత్యం లేనివాళ్ళకి కూడా ఆ విధానంలో ఏడాదికి 60,000 దాకా మినహాయింపు. పన్ను కట్టే స్థాయికే చేరనివాడికి ఈ మినహాయింపులు ఎందుకూ పనికిరావు. ఆదాయం పెరిగేకొద్దీ సాయం పెరిగే పథకం ఇది.

రెండు_పోర్షన్ల_ఓనరు
మంగళవారం, ఉదయం 9:15

మాస్టారూ, ఇంటద్దె భత్యం జీతంలో భాగమండీ. ముప్ఫై మూడేళ్ళు చాకిరీ చేసి తీసుకున్నాను. దాన్ని పేదల పథకం పక్కన పెట్టి దెప్పడం బాలేదు.

ఇక అసలు సంగతి. అద్దెకుండేవాళ్ళ కష్టాలే అందరూ చెప్తున్నారు, ఓనర్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. నాకు మురళీనగర్‌లో మేడ మీద రెండు వాటాలున్నాయి. పింఛనుకి తోడు ఆ అద్దెలే మా మందులకి. కిందటేడు ఒకాయన నాలుగు నెలల అద్దె ఎగ్గొట్టి, అడ్వాన్సులో కోసుకోమన్నాడు. ఇచ్చిన అడ్వాన్సు రెండు నెలలదే. పోతూ పోతూ బాత్‌రూములో గీజరు కూడా విప్పుకుపోయాడు. గోడకి రెండు బోల్టులు, వేలాడే పైపు మిగిలాయి.

ప్రభుత్వం సగం అద్దె కడుతుందంటే నేను ఒప్పుకుంటానా? సర్కారు బిల్లు ఎప్పుడు పడుతుందో కాంట్రాక్టర్లనడగండి. ఆరు నెలలకి ఒకసారి వేస్తే ఈలోగా నేను ఎవరి మెడ పట్టుకోవాలి? ఖాళీ చెయ్యమంటే 'ప్రభుత్వం కడుతుందిగా' అని కూర్చుంటారు. పైగా అగ్రిమెంటు, ఫోటోలు, ఆధారు, పాన్ అంటారు. పన్నులు మీదపడతాయి. నాకొద్దు.

గంగవరం_గాలి
మంగళవారం, ఉదయం 10:02

ఓనరు గారూ, మీ గీజరు పోయినందుకు బాధే. కానీ ఎగ్గొట్టేది ఎవరు? నేను కాంట్రాక్టు లేబరుని, గాజువాక లోపల రేకుల గదిలో ఉంటాను. నెలలో పని ఇరవై రోజులుంటే అద్దె ముందు తీసి పక్కన పెడతాను, పదిరోజులే ఉంటే మా ఆవిడ చెవి కమ్మలు తాకట్టుకెళ్తాయి. అద్దె మాత్రం అయిదో తారీఖు దాటదు, దాటితే గుమ్మంలో నిలబడి అరుస్తారని.

ఇంకోటి. ప్రభుత్వ అపార్ట్‌మెంటులో నాకు ఇల్లు కేటాయించారు. లాటరీ తీశారు, బ్లాకు నెంబరు చెప్పారు, బ్యాంకు కాగితాల మీద సంతకాలు పెట్టాం. తాళం మాత్రం రాలేదు. కాగితం మీద ఇల్లుంది, ఉండేది అద్దెకి.

ఆరిలోవ_అక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:30

నాదీ అదే కథ తమ్ముడూ, కాకపోతే స్థలం. 2022 ఏప్రిల్లో సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో పట్టాలిచ్చారు కదా, అందులో నాకూ ఒక సెంటు వచ్చింది. నేను పనిచేసేది ఎంవిపి కాలనీలో నాలుగిళ్ళలో. మొదటి ఇంట్లో పొద్దున్న ఆరుంపావుకి ఉండాలి, లేకపోతే ఆవిడ ఆఫీసు బస్సు తప్పిపోతుంది. సబ్బవరం నుంచి ఆ టైముకి ఎలా వస్తాను?

ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యింది, నిజమే. 2025 ఆగస్టు నుంచి నెలకి ఎంతో కొంత మిగులుతోంది. కానీ ఫ్రీ బస్సయినా పొద్దున్నే ఉండాలి కదా. అందుకే ఆరిలోవలో 4,500 అద్దెకుంటున్నాను. ఒక గది, ఒక వంటిల్లు. బాత్‌రూము మూడు కుటుంబాలకి ఒకటే.

పేదవాళ్ళకి ఇల్లంటే ప్రభుత్వం ఊరవతల చూస్తుంది. మా పని ఊరి మధ్యలో ఉంటుంది. అద్దె ఎందుకు కడుతున్నారు, సొంతానికి పొండి అనేవాళ్ళకి ఇది చెప్పాలి.

మధురవాడ_2బీహెచ్‌కే
మంగళవారం, మధ్యాహ్నం 2:10

కొమ్మాది లేదా పీఎం పాలెంలో 15 వేల లోపు టూ బీహెచ్‌కే ఉంటే చెప్పండి ప్లీజ్. ఫ్యామిలీ. నాన్‌వెజ్ తింటాం.

మోడరేటరు
మంగళవారం, మధ్యాహ్నం 2:25

టూలెట్ అడగడానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ పెట్టండి. ఇక్కడ అద్దె సాయం గురించే.

జగదాంబ_జంక్షన్
మంగళవారం, మధ్యాహ్నం 2:31

పాపం ఆయనకి కూడా సాయమే కావాలి. గూగుల్ డేటా సెంటర్ అని 2025 అక్టోబరులో ప్రకటించారో లేదో, ఇంకా పునాది పడకముందే కొమ్మాది ఓనర్లు రేటు పెంచేశారు.

నా అసలు భయం అదే. నెలకి 2,000 సాయం అని పొద్దున్న జీవో వస్తే సాయంత్రానికి కంచరపాలెంలో ప్రతి వాటా 2,000 పెరుగుతుంది. డబ్బు ఓనరుకి, పేరు పేదవాడికి.

లెక్కల_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 5:50

ఈ భయం న్యాయమైనదే, దీన్ని కొలిచి చూసినవాళ్ళున్నారు. 1970ల్లో అమెరికా ప్రభుత్వమే పెద్ద ప్రయోగం చేసింది. గ్రీన్‌బే, సౌత్‌బెండ్ అనే రెండు ఊళ్ళలో అర్హత ఉన్న ప్రతి కుటుంబానికీ ఇంటి భత్యం ఇచ్చి, ఊళ్ళో అద్దెలు ఏమవుతాయో ఏళ్ళ తరబడి చూశారు. అద్దెలు పెద్దగా కదలలేదు. ఎందుకంటే అక్కడ ఖాళీ ఇళ్ళు ఉండేవి, చాలామంది ఉన్న ఇంట్లోనే ఉండి చిన్న రిపేర్లు చేయించుకున్నారు.

ఫ్రాన్సులో దీనికి వ్యతిరేకంగా జరిగింది. 1990ల్లో సాయాన్ని ఎక్కువమందికి విస్తరిస్తే, అందులో పెద్ద భాగం పెరిగిన అద్దెల్లోకే పోయిందని తేలింది. కొత్త ఇళ్ళు అంత త్వరగా పుట్టుకురాలేదు.

కాబట్టి జంక్షన్ గారూ, మీ మాట కంచరపాలేనికి నిజమవుతుంది, పెందుర్తికో అగనంపూడికో అంతగా నిజం కాకపోవచ్చు. అద్దె సాయం ఒక్కటే పెట్టి ఇళ్ళు పెరగకుండా వదిలేస్తే మీరన్నట్టే అవుతుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటి పైగా ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆ ఓనర్లు అద్దెకివ్వడానికి భయపడుతున్నారు. ఆ భయం తీర్చడం కూడా అద్దె సాయమే అని నా అభిప్రాయం.

లెస్టర్_నర్సు
మంగళవారం, రాత్రి 8:44

ఇంగ్లండు నుంచి ఒక చిన్న హెచ్చరిక. ఇక్కడ ప్రైవేటు ఇళ్ళలో ఉండే తక్కువ ఆదాయం వాళ్ళకి అద్దె సాయానికి ఒక పరిమితి ఉంటుంది. ఆ ప్రాంతంలో ఉన్న అద్దెలన్నిట్లో కింది 30 శాతం దగ్గర ఆ గీత గీస్తారు. వినడానికి బాగుంది కదా. కానీ 2016 నుంచి నాలుగేళ్ళు ఆ అంకె కదపలేదు. 2020లో సరిచేసి, మళ్ళీ 2024 దాకా ఆపేశారు. అద్దెలు మాత్రం ఆగలేదు. నాతో పనిచేసే కేర్ అసిస్టెంటుకి వచ్చే సాయానికీ ఆమె అద్దెకీ మధ్య తేడా ఏటా పెరిగి, చివరికి తిండి ఖర్చులోంచి కట్టింది. మన దగ్గర పెడితే ఏటా సవరించాలని ముందే రాయించుకోండి.

నోటరీ_గుమాస్తా
బుధవారం, ఉదయం 8:20

కోర్టు దగ్గర అగ్రిమెంట్లు టైపు చేసే పనిలో ఉన్నాను. ఓనరు గారి భయాలు నేను రోజూ వినేవే. ఒక్కొక్కటి చూద్దాం.

కాగితం రాస్తే ఇంటిపన్ను పెరుగుతుందనేది పాత భయం. ఒకప్పుడు అద్దె విలువని బట్టి పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి మూలధన విలువ, అంటే ఆస్తి ఖరీదు మీద వేస్తున్నారు. మీరు అగ్రిమెంటులో ఎంత రాసినా విలువ లెక్క అక్కడే ఉంటుంది.

ఆదాయపు పన్ను. అద్దెలో 30 శాతం మరమ్మతులకని నేరుగా తీసేస్తారు. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటుతో పన్ను సున్నా. పింఛనూ రెండు వాటాల అద్దే కలిపినా అంత అవుతుందా ఓనరు గారూ?

పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుందనేది మూడోది. మీరు ఇస్తేనే అద్దెకు దిగినవాడికి అది వర్తించదు. మీ అనుమతితోనే ఉన్నాడనడానికి అగ్రిమెంటు మీకే సాక్ష్యం. కాగితం లేకపోతేనే గొడవ.

ఇక పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అనుకుంటారు, దేశంలో చాలాచోట్ల అంతే. మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత ఏ లీజైనా రిజిస్టరు చేయించాల్సిందే. 

కొండవాలు గారూ, ఇది మీ వదినకి ఎందుకు కావాలంటే, రేపు ఏ అద్దె సాయం వచ్చినా మొదట అడిగేది 'మీరు అద్దెకుంటున్నారనడానికి రుజువేది' అనే. మన ఊళ్ళో పేదవాళ్ళ అద్దెలకి రుజువు ఓనరు డైరీలో ఒక గీత. ఆ గీత మీద ఏ ప్రభుత్వమూ చెక్కు రాయదు.

కొండవాలు
బుధవారం, ఉదయం 9:05

గుమాస్తా గారూ, ఒకేసారి 1,500 పెంచడం చెల్లుతుందా మరి?

నోటరీ_గుమాస్తా
బుధవారం, ఉదయం 9:30

కాగితమే లేనప్పుడు ఏం పెంచినా అడిగేవాడు లేడు. కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ చట్టం అనే నమూనా అద్దె చట్టం తెచ్చింది. దాని ప్రకారం అద్దె పెంచాలంటే ఒప్పందంలో ఉండాలి, లేదా మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఉండే ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు దాటకూడదు. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. అది రాష్ట్రాలు చేసుకోవాల్సిన చట్టం. ఆ తరహాలో అద్దె చట్టం చేసుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉందని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. కానీ ఏ చట్టమైనా రాసుకున్న ఒప్పందాన్నే కాపాడుతుంది.

నా సలహా. చట్టం పేరెత్తకండి, ఆయనకి కోపం వస్తుంది. రెండేళ్ళకి అగ్రిమెంటు రాసుకుందాం, ఇప్పుడు 5,800, ఏడాదయ్యాక 6,200 అని అడగండి. మధ్యలో ఖాళీ అయితే గోడలకి సున్నం వేయించడానికీ టూలెట్‌కీ నెల అద్దె పోతుంది, రెండేళ్ళు కదలననే మాట ఓనరుకి డబ్బే. అగ్రిమెంటు మీ పేరునో మీ నాన్నగారి పేరునో కాదు, వదిన పేరునే రాయించండి.

రెండు_పోర్షన్ల_ఓనరు
బుధవారం, ఉదయం 11:40

పన్ను సంగతి తెలియజేసినందుకు గుమాస్తా గారికి కృతజ్ఞతలు. అయినా నా షరతులు చెప్తున్నాను. సాయం డబ్బు నేరుగా నా ఖాతాలో పడాలి, అయిదో తారీఖు లోపు. పింఛను ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇవ్వగలిగినప్పుడు ఇదెందుకు కాదు? ఎగ్గొడితే ఖాళీ చేయించడానికి ఏళ్ళు పట్టకూడదు. ఇల్లు పాడైతే రెండు నెలల దాకా ప్రభుత్వం పూచీ పడాలి. ఇవి ఉంటే పై వాటా ఇస్తాను, ఇన్‌స్పెక్టరు వచ్చి గొళ్ళేలు చూసుకున్నా సరే.

గంగవరం_గాలి
బుధవారం, మధ్యాహ్నం 12:15

డబ్బు నేరుగా ఓనరుకి వెళ్తే మా చేతిలో ఏముంటుంది సార్? కుళాయి పాడైతే అడగడానికి కూడా నోరు రాదు. మా ఆవిడ ఖాతాలో వెయ్యమనండి, అక్కణ్ణుంచి మేం కడతాం.

యారాడకొండ
బుధవారం, మధ్యాహ్నం 12:50

ఇద్దరి మాటకీ మన దగ్గరే ఒక పాత ఉదాహరణ ఉంది. 2020 ఫిబ్రవరిలో విజయనగరంలో మొదలుపెట్టిన వసతి దీవెన. ఐటీఐ పిల్లలకి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీ, ఆపైన 20,000. ఉండడానికీ తిండికీ అని తల్లి ఖాతాలో వేశారు. ప్రైవేటు హాస్టలు ఖర్చుకి ప్రభుత్వం డబ్బివ్వడం అంటే అద్దె సాయానికి చుట్టమే. అక్కడ కూడా సమస్య రెండు వాయిదాల మధ్య వచ్చింది. హాస్టలువాడు నెలనెలా అడుగుతాడు, ప్రభుత్వం ఏడాదికి రెండుసార్లు ఇస్తానంది. నెలనెలా పడకపోతే ఎవరి ఖాతాలో వేసినా గొడవే. నెలనెలా పడితే నేను గాలి గారి వైపు. సాయం ఆడమనిషి ఖాతాలో పడాలి, వరుసగా రెండు నెలలు ఓనరుకి అందకపోతేనే నేరుగా ఆయనకి మళ్ళించాలి.

ఆరిలోవ_అక్క
బుధవారం, సాయంత్రం 4:10

ఒక్కటి అడుగుతాను. ఇలాంటిది పెడితే నాలాగా పట్టా ఉన్నవాళ్ళనీ, గాలి తమ్ముడిలాగా కాగితం మీద ఇల్లున్నవాళ్ళనీ లిస్టులోంచి కొట్టేస్తారా?

యారాడకొండ
బుధవారం, సాయంత్రం 5:35

ఇప్పటి పద్ధతి ప్రకారం కొట్టేస్తారు అక్కా. మీ పేరు పక్కన 'లబ్ధిదారు' అని పడిపోయింది.

కానీ అలా ఉండాలని లేదు. ముంబయిలో మురికివాడ పడగొట్టి కొత్త భవనం కట్టేటప్పుడు, కొత్త ఇల్లు చేతికిచ్చేదాకా ఆ కుటుంబాల తాత్కాలిక అద్దె బిల్డరే కట్టాలి. అక్కడ ఆ అద్దె ఎగ్గొట్టిన బిల్డర్ల గొడవలు బోలెడున్నాయి, అయినా బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంది. మన దగ్గరా ఇల్లు కేటాయించిన రోజు నుంచి తాళం ఇచ్చే రోజు దాకా, స్థలం ఇచ్చిన రోజు నుంచి అక్కడికి రోడ్డు, నీళ్ళు, పొద్దున్నే బస్సు వచ్చేదాకా అద్దె సాయం ఇవ్వాలని నా వాదన. అందరికీ ఒకేసారి పెట్టలేకపోతే ఇక్కడ మొదలుపెట్టొచ్చు. లిస్టు ప్రభుత్వం దగ్గరే ఉంది, రుజువులు అడగక్కర్లేదు.

జగదాంబ_జంక్షన్
బుధవారం, సాయంత్రం 5:48

ఆ ఒక్క షరతు పెట్టి చూడండి, గాలి బాబు తాళం దసరాకి ఇచ్చేస్తారు.